సింగరాయకొండ దారిలో రెండో జత

నడకకు బయలుదేరేవాళ్ళు మొదటి జత చెప్పుల గురించి ఊరందర్నీ అడుగుతారు. రెండో జత గురించి ఎవరూ అడగరు. దారి మధ్యలో అది లేక కుంటుతున్నప్పుడే అది గుర్తొస్తుంది. చిలకలూరిపేట నుంచి సింగరాయకొండ దాకా మా వదినతో కలిసి నడిచి వచ్చాక, ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పే అర్హత నాకు వచ్చిందనే అనుకుంటున్నాను.

నేను ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. చీర కట్టుకుని కాన్వాసు బూట్లు వేసుకుని మా వీధిలో నడిచిన మొదటి మనిషిని. మా అత్తగారు ఉన్నంతకాలం ఆ బూట్లను గడప దాటి లోపలికి రానివ్వలేదు. ఆవిడ పోయాక కూడా లోపలికి తేవడానికి నాకు ధైర్యం చాలలేదు.

రెండో జత ఎందుకంటారా? పొద్దంతా బూట్లలో ఉడికిన కాళ్ళు సాయంత్రానికి ఉబ్బుతాయి. వాటికి గాలి తగలాలి, ముల్లు తగలకూడదు. కాలవలో దిగాలి, ఎవరింటి దొడ్లోకో వెళ్ళాలి, వానలో నడవాలి. ఆ పనులన్నీ రెండో జతవి. మిగతా సమయమంతా సంచిలో మోసేది కాబట్టి అది బరువుండకూడదు.

మా వదిన పేరు నాగరత్నం. మా ఆయనకు అక్క, మా వీధిలోనే ఉంటుంది. పెళ్ళైన కొత్తలో నేను ఆవిణ్ణి ‘మీరు’ అనేదాన్ని. పరాయిదాన్ని పిలిచినట్టుంది మానెయ్యవే అని ఆవిడే మాన్పించింది. ముందటేడు మా ఆయనకు గుండె ఆపరేషన్ జరుగుతుంటే ఆస్పత్రి వరండాలో కూర్చుని, తమ్ముడు లేచి తిరిగితే సింగరాయకొండ నరసింహస్వామి దగ్గరికి చెప్పుల్లేకుండా నడిచి వస్తానని మొక్కుకుంది. తమ్ముడు లేచాడు, తిరిగాడు, పేకాటకు కూడా వెళ్తున్నాడు. ఇక నడవాల్సింది ఆవిడే.

చిక్కల్లా ఆవిడకు షుగరు. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. ‘నరాలు దెబ్బతింటున్నాయమ్మా. ముల్లు దిగినా తెలియని రోజు వస్తుంది. పుండు పడిందంటే వేలుతో పోదు, కాలు దాకా రావచ్చు. చెప్పుల్లేకుండా గడప దాటొద్దు’ అన్నాడు.

‘నా కాళ్ళకు అన్నీ తెలుస్తున్నాయి. చీమ పాకినా తెలుస్తుంది’ అంది వదిన, ఆస్పత్రి మెట్లు దిగుతూ.

మా ఆయన నన్ను పక్కకు పిలిచాడు. ‘అక్క ఆగే మనిషి కాదు. నువ్వు కూడా వెళ్ళు. రెండు కాళ్ళతో వెళ్తోంది, రెండు కాళ్ళతో తీసుకురా’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆయన కళ్ళు నవ్వలేదు. నాకు భయం వేసింది.

చిలకలూరిపేట: చిటికెన వేలు పరీక్ష

బయలుదేరే ముందు చెప్పుల కొట్టుకు వెళ్ళాం. వదిన కొనడానికి కాదు, నన్ను చూసి నవ్వడానికి వచ్చింది.

నా పద్ధతి నాది. జతను చిటికెన వేలికి తగిలించి పట్టుకుంటాను. వేలు వంగిందా, ఆ జత వద్దు. తర్వాత చెప్పును మధ్యలో వంచి చూస్తాను. వంగని చెప్పు పాదాన్ని కూడా వంగనివ్వదు. తర్వాత కొట్టు ముందున్న బకెట్లో ముంచి తీసి, ఎంతసేపటికి ఆరుతుందో చూస్తాను.

‘ఏంటి టీచరుగారూ, చెప్పులకి డ్రిల్లు చేయిస్తున్నారా?’ అన్నాడు కొట్టు ఆయన.

హవాయి చెప్పులు తీసి పక్కన పెట్టాను. తేలికే గానీ, బురదంతా వెనకనుంచి చీర మీదికి చిమ్ముతాయి, నల్లరేగడిలో ఇరుక్కుంటే పట్టీ ఊడి చేతికొస్తుంది. ప్లాస్టిక్ చెప్పులు తడికి మంచివి, ఎండకు మాత్రం కరుస్తాయి. తోలు చెప్పులు వేలి పరీక్షలోనే పోయాయి. చివరికి మెత్తటి రబ్బరు అడుగు, వెడల్పాటి గుడ్డ పట్టీలు, మడమ వెనక ఇంకో పట్టీ ఉన్న జత ఒకటి దొరికింది. నూట పది చెప్పాడు, తొంభై అయిదుకు దిగాడు. నా కొలత కన్నా ఒక సైజు పెద్దది తీసుకున్నాను. వదిన పాదం నా పాదం కన్నా పెద్దది.

‘నీ కాలికి పెద్దవి కదే’ అంది వదిన.

‘సాయంత్రానికి ఉబ్బుతాయి వదినా.’

‘ఊఁ’ అని ఊరుకుంది.

ఇంటికొచ్చే దారిలో మొక్కు మీద వాదన మొదలుపెట్టాను. తోలు నిషేధమంటే సరే, రబ్బరు ఏం పాపం చేసింది అన్నాను. ఏదైనా చెప్పు చెప్పే అంది. మునులు పావుకోళ్ళు వేసుకోలేదా అన్నాను. నేను మునిని కాదంది. మేజోళ్ళో అన్నాను. ఆవిడ ఆగింది, ఆలోచించింది. ‘మేజోళ్ళు బట్టే కదా. బట్ట చెప్పెట్లా అవుద్ది? సరే వేసుకుంటా’ అంది. గెలిచానన్న సంతోషంలో స్కూలు పరేడుకు వాడే మందపు మేజోళ్ళు నాలుగు జతలు సంచిలో వేశాను.

మార్టూరు: మేజోళ్ళకు చోటు లేని ఊరు

హైవేని నాలుగు వరసలుగా వెడల్పు చేస్తున్న రోజులవి. ఒక పక్క కంకర కుప్పలు, ఇంకో పక్క ప్రొక్లైనర్లు. మధ్యలో మేమిద్దరం. నేను బూట్లతో, వదిన తెల్ల మేజోళ్ళతో. లారీ డ్రైవర్లు కిటికీలోంచి తల బయటపెట్టి మరీ చూశారు. రెండు రూపాయల టీ అమ్మే ఒకాయన, ‘పెద్దమ్మగారి చెప్పులు ఎవరో కొట్టేసినట్టున్నారు’ అని జాలిపడి ఆవిడకు టీ ఊరికే ఇచ్చాడు. నా దగ్గర మాత్రం రెండు రూపాయలూ పుచ్చుకున్నాడు.

మార్టూరు వచ్చేసరికి సంగతి తేలిపోయింది. అక్కడ ఎటు చూసినా గ్రానైటే. రాయిని కోసే మిల్లులు, సానపెట్టే మిల్లులు, వాటినుంచి పాలలాగా పారే తెల్ల నీళ్ళు, రోడ్డు వారనంతా గాజు పెంకుల్లాంటి రాతి ముక్కలు. మేజోళ్ళు రెండు జతలు ఊరి మొగలోనే పీలికలయ్యాయి.

ఆ ఊళ్ళో నాతో ట్రైనింగు చేసిన మరియమ్మ ఉంది, స్కూల్లో తెలుగు చెబుతుంది. ఆ రోజు వాళ్ళింట్లో బస. కోడికూర వండింది. వదినకు మొక్కు నియమం కాబట్టి గోంగూర పచ్చడి, మజ్జిగ. మొక్కు నాది కాదు కాబట్టి కోడికూర నేను తిన్నాను. వదిన నా కంచం వైపు చూడకుండా తినడానికి చాలా కష్టపడింది.

అన్నాలయ్యాక మరియమ్మ వదిన మేజోళ్ళు విప్పి పడేద్దామని చూస్తే, ఒకదాని మడమ దగ్గర రూపాయి కాసంత రక్తపు మరక.

‘తెగింది కదా అక్కయ్యగారూ, చెప్పలేదేం?’

‘తెలుసులేమ్మా. చిన్నదే కదా అని ఊరుకున్నా’ అంది వదిన. నేను నమ్మాను. మందు రాసి కట్టు కట్టాను.

మర్నాడు ఆదివారం. మరియమ్మ వెంట మేమూ వాళ్ళ చర్చికి వెళ్ళాం. రేకుల షెడ్డు, లోపల చాపలు. గుమ్మం ముందు చెప్పులన్నీ వరసగా విడిచి ఉన్నాయి. పేట చర్చిలో బెంచీల మీద కూర్చునేవాళ్ళు బూట్లతోనే వెళ్ళడం చూశాను గానీ, ఇక్కడ పాస్టరుగారి చెప్పులు కూడా బయటే ఉన్నాయి. వదినకు బలం వచ్చింది.

‘చూశావా? ఏ దేవుడి దగ్గరైనా చెప్పులు బయటే’ అంది.

‘బయట విడవడానికైనా ముందు కాళ్ళకి ఉండాలి కదా అక్కయ్యగారూ’ అంది మరియమ్మ. ప్రార్థన అయ్యేదాకా నాకు నవ్వు ఆగలేదు.

అద్దంకి దారి: మిరప కళ్లం

వదినకు మిగిలిన మేజోళ్ళు తొడిగించి, హైవే దుమ్ము పడలేక అద్దంకి వైపు పొలాల దారి పట్టాం. అటూ ఇటూ ఏరగా మిగిలిన పత్తి, దాని వెనక మిరప కళ్లాలు. కళ్లమంటే చదును చేసి కాయ ఆరబోసే చోటు. ఆ ఎరుపు చూస్తుంటేనే తుమ్ములొచ్చాయి. ఒక కళ్లం గట్టు మీద నీళ్ళడిగి తాగుతుండగా పడమర నుంచి మబ్బు లేచింది.

ఎండిన కాయ తడిసిందా, తాలై ధర లేకుండా పోతుంది. ఇక అక్కడ చుట్టాలూ లేరు, దారినపోయేవాళ్ళూ లేరు. ‘నిలబడి చూస్తారేంటమ్మా, రండి’ అని కేకేసింది ఆ కళ్లం ఇల్లాలు అంజమ్మ. నేను బూట్లతో అడుగెయ్యబోయాను. ‘ఆగాగు. లచ్చిందేవి మీద చెప్పులా? అయి ఇప్పేసి ఇయి కట్టుకోండి’ అని గోనెగుడ్డ పీలికలు రెండు జతలు విసిరింది. కళ్లంలో కాయ తిరగేసే ఆడవాళ్ళు పాదాలకు చుట్టుకునేవి అవి. కాయ చితక్కుండా, అరికాలు మండకుండా చీలమండ దాకా చుట్టి తాడుతో కడతారు.

మబ్బు మీదికొచ్చేలోగా కాయంతా కుప్పలు చేసి పట్టాలు కప్పేశాం. నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి. అందరం ముక్కులు ఎగబీలుస్తూ నవ్వుకున్నాం. వదిన మాత్రం తన పాదాల వైపే చూసుకుంటోంది.

‘గోనెగుడ్డ చెప్పు కాదు కదే?’

‘కానే కాదు.’

‘మెత్తగా ఉంది. బరువు లేదు. ముల్లు కూడా తొందరగా దిగదు’ అంటూ కాలు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ‘అంజమ్మా, ఇవి మాకు ఇస్తావా?’

‘పాత గుడ్డలు, పట్టకపో పిన్నీ’ అంది అంజమ్మ.

నా ఆనందం చెప్పలేను. మొక్కు చెడలేదు, కాలికి కాపు దొరికింది. పైగా అంత తేలిక రెండో జత నేను ఏ కొట్లోనూ చూడలేదు. బూట్లు సంచికి వేలాడేసుకుని, నేనూ అవే కట్టుకుని బయలుదేరాను. డ్రిల్లు టీచరు బుద్ధి అక్కడ గడ్డి తింది. పంటకాలమంతా మిరప్పొడి పీల్చిన గుడ్డ అది. పైన చినుకుల తడి, లోపల చెమట.

రెండు చేలు దాటేసరికి వేళ్ళ సందుల్లో చురుక్కుమంది. మూడో చేను దగ్గర అరికాళ్ళు భగ్గుమన్నాయి. నేను గంతులేస్తూ గట్టు మీద కూలబడి తాడు లాగుతున్నాను, ముడి బిగుసుకుపోతోంది, కళ్ళల్లో నీళ్ళు. వదిన నడుం మీద చెయ్యేసుకుని నిలబడి పగలబడి నవ్వుతోంది.

‘పిల్లలకి డ్రిల్లు నేర్పేది ఇట్టాగేనా?’

‘నీకు మండట్లేదా వదినా?’

‘నాకేం? చల్లగా ఉంది’ అంది.

అని, నవ్వు ఆపేసింది.

నేను కట్టుకున్నవీ ఆవిడ కట్టుకున్నవీ ఒకే కుప్పలోవి. ఆవిడ నా పక్కన కూర్చుని మెల్లగా ఒక గుడ్డ విప్పింది. దాని లోపలి వైపు ముంజేతికి రుద్దుకుంది. కాసేపటికి చెయ్యి ఎర్రబడింది, ‘అబ్బా’ అంది. అదే గుడ్డ అరికాలికి రుద్దుకుంది. మళ్ళీ రుద్దుకుంది. ఏమీ అనలేదు. మార్టూరులో మడమ తెగినప్పుడు కూడా ఆవిడకు తెలియలేదని నాకు అప్పుడు అర్థమైంది. నా కాళ్ళ మంట అంత ఎక్కువగా ఉన్నా, ఆవిడ మొహం చూస్తుంటే నాకు అంతకన్నా ఎక్కువ బాధేసింది.

ఇద్దరం కళ్లానికి వెనక్కి వచ్చాం. నేను నీళ్ళ బిందె అందుకోబోతే, ‘నీళ్ళు పొయ్యమాకమ్మా, ఇంకా ఎక్కువవుద్ది. నూనె రాయి’ అని అంజమ్మ నూనె సీసా ఇచ్చింది. నేను మొదట వదిన కాళ్ళకు రాశాను. ‘మండేది నీకైతే నాకెందుకే రాస్తావు?’ అంది వదిన.

అద్దంకి: నల్లరేగడి తీర్పు

ఆ సాయంత్రం నిజంగానే వాన కురిసింది. అంజమ్మ వాళ్ళింట్లో పడుకున్నాం. పండుమిరప కారం, వెన్నపూస, వేడన్నం పెట్టింది. గుంటూరు వైపు కారం ఎక్కువని నేను గొప్పలు చెప్పేదాన్ని. ఆ ముద్దతో ఆ అహంకారం దిగింది.

తెల్లారాక వదిన నా ముందుకొచ్చి నిలబడింది. ‘నీ కాలికి పెద్దవైన ఆ చెప్పులు ఇటివ్వు’ అంది. ఇచ్చాను. కొత్తగా బడికి వెళ్ళే పిల్ల పెట్టుకున్నట్టు ఒక్కో పట్టీ సరిచూసుకుని పెట్టుకుంది. సరిగ్గా సరిపోయాయి. ‘స్వామికి నేను చెప్పుకుంటాలే. కొండ మెట్ల దగ్గర విప్పుతాను’ అంది.

నల్లరేగడిలో వాన వెలిసిన తర్వాత నడవడం తెలియని వాళ్ళకు చెబుతున్నాను. ఆ మన్ను కాలిని వదలదు. అడుగు అడుగుకీ పొర మీద పొర పేరుకుని బూట్లు రోకలిబండలవుతాయి. నా కాన్వాసు బూటు ఒకటి అడుగు ఊడి అందులోనే ఉండిపోయింది. చెయ్యిపెట్టి వెతికినా దొరకలేదు. వదిన మాత్రం ఆ రబ్బరు జతతో, మన్ను అంటినప్పుడల్లా గట్టుకు గీకుతూ, మడమ పట్టీ బిగించుకుంటూ ముందు నడిచింది. తొంభై అయిదు రూపాయలకు అంతకన్నా ఏం కావాలి?

అద్దంకి చేరేసరికి నేను ఉత్త కాళ్ళతో ఉన్నాను. బజారులో చెప్పుల కొట్టు కనపడగానే అటు తిరిగాను. వదిన చెయ్యి పట్టుకు ఆపింది.

‘మొక్కు ఎవరి కోసం?’

‘మీ తమ్ముడి కోసం.’

‘నీకేమవుతాడు?’

నేను కొట్టు వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను.

‘నా కాళ్ళు పనికిరాకుండా పోయాయి. నీవి చక్కగా మండుతున్నాయి. ఇద్దరిలో ఒకరు ఉత్తకాళ్ళతో ఉండాలి కదా. నువ్వు నడువు’ అంది.

చెప్పుల గురించి ఇన్ని కబుర్లు చెప్పే నేను అక్కణ్ణుంచి సింగరాయకొండ దాకా చెప్పుల్లేకుండా నడిచాను. ఎస్టీడీ బూత్ నుంచి మా ఆయనకు ఫోన్ చేసి ఈ సంగతి చెబితే, అవతల చాలాసేపు నవ్వు తప్ప మాట రాలేదు. ‘ఇంతకీ కాళ్ళు?’ అని చివరికి అడిగాడు. ‘ఎవరివి?’ అన్నాను.

ఒంగోలు: ముందు నా కాలు

ఉత్తకాళ్ళతో నడిస్తే ఊళ్ళు వేరేగా తెలుస్తాయి. మేదరమెట్ల దగ్గర కొత్త తారు కాలింది. ఒంగోలు పొలిమేరలో పొగాకు బేళ్ళు దింపే చోట నేల మెత్తగా, ఘాటుగా ఉంది. ఎండలో నీడ నుంచి నీడకు పరిగెత్తడం, పల్లేరుకాయను చూడకుండానే పసిగట్టడం నేర్చుకున్నాను. ఇవన్నీ గట్టిగా పైకి చెప్పేదాన్ని, మొదట విసుగుతో, తర్వాత అలవాటుగా. వదిన ప్రతిదీ వినేది. ‘ఎంత వేడి? అన్నం కుండంతా, టీ గ్లాసంతా?’ అని అడిగేది. ఒంగోల్లో ఒక సందులో టీ గ్లాసంత అన్నాను. చెప్పులు ఉన్నా సరే, ఆవిడ పక్కకు తప్పుకుని నడిచింది.

రోజూ పొద్దుగూకే వేళ ఎక్కడ ఆగినా, ఆవిడ కాళ్ళు నా ఒళ్ళో పెట్టించుకుని అరికాళ్ళు చూసేదాన్ని. వయసులో పెద్దది, ఇంటి ఆడపడుచు. మొదటి రోజు సిగ్గుపడి చీర కిందికి లాక్కుంది. తర్వాత తనే చాపింది.

సింగరాయకొండ: మెట్ల దగ్గర

వదిన తొందర వల్ల సరిగ్గా మిట్టమధ్యాహ్నం కొండ దగ్గరికి చేరాం. ఆవిడ అన్నమాట ప్రకారం కింద చెప్పులు విప్పి, నా సంచిలో కాకుండా తన చేతి సంచిలో పెట్టుకుంది. మెట్టు మీద పెట్టడానికి కాలు ఎత్తింది.

‘ఆగు వదినా’ అన్నాను.

నేను ముందుగా మెట్టు మీద కాలు పెట్టి తీసేశాను. ఇన్ని ఊళ్ళ నడకకు రాటుదేలిన నా కాలే నిలవలేదు. ‘అన్నం కుండ’ అన్నాను.

పుట్టి ఇంతకాలానికి ఎవరి మాటకూ ఆగని మనిషి ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది. ఇద్దరం పక్కన నీడలో కూర్చున్నాం. కొబ్బరికాయలమ్మే ఆవిడ మా వాలకం చూసి, ‘పొద్దు వాలితే చల్లబడతయ్యి, కూర్చోండమ్మా’ అంది. గాలి సముద్రం వైపు నుంచి ఉప్పగా వీస్తోంది. వదిన ప్రతి కాసేపటికీ ‘ఇప్పుడు?’ అని అడిగేది. నేను లేచి వెళ్ళి కాలు పెట్టి చూసి వచ్చేదాన్ని. ఆఖరికి ఒకసారి, ‘ఇప్పుడు పెట్టొచ్చు వదినా’ అన్నాను. చెప్పుల సంచి కొబ్బరికాయలావిడ దగ్గర వదిలి, నా భుజం పట్టుకుని ఎక్కింది.

పైన స్వామి ముందు కళ్ళు మూసుకుని పైకే చెప్పుకుంది. ‘తండ్రీ, నడిచింది నేను, కాలింది దీనికి. ఇద్దరం కలిసి ఒక మొక్కు తీర్చాం. సర్దుకో.’

పూజారి నవ్వాపుకుంటూ శఠగోపం మా ఇద్దరి తలల మీదా పెట్టారు.

దిగి వచ్చాక ఆవిడ సంచిలోంచి ఆ జత తీసి పెట్టుకుంటూ అంది. ‘నా కొలతకే కొన్నావని కొట్లోనే తెలుసు నాకు. నీ కాళ్ళు ఏనాడు ఉబ్బాయి?’

ఇంటికొచ్చాక నాకు కొత్త బూట్లు వచ్చాయి. రెండో జత కొనాలనుకునేవాళ్ళు చాలామంది సలహా అడుగుతున్నారు. చిటికెన వేలికి తగిలించి చూడండి, వంచి చూడండి, తడిపి చూడండి, మడమ వెనక పట్టీ ఉందో లేదో చూడండి. కొలత మాత్రం మీ పక్కన నడిచే మనిషిది తీసుకోండి.

వదిన ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ జత వేసుకునే మా ఇంటికి వస్తుంది. గుమ్మం బయట విడిచి, అరుగు మీద కూర్చుని నా ఒళ్ళో కాళ్ళు పెడుతుంది. వెలుగుండగానే అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసి, కొబ్బరినూనె రాస్తాను. లోపల్నుంచి మా ఆయన పేపరు మడుస్తూ అడుగుతాడు.

‘రెండూ ఉన్నాయా?’

‘రెండూ ఉన్నాయి’ అంటాం ఇద్దరం.